హన్మకొండ లోక్‌సభ సీటు ఎటు పోయింది?

తమ్ముడూ, నువ్వు ఒక్క ప్రశ్న అడిగానన్నావు గానీ అందులో మూడున్నాయి. 1984లో పి.వి. నరసింహారావు ఓడిపోయిన హన్మకొండ లోక్‌సభ స్థానం ఇప్పటి తెలంగాణ 17 స్థానాల్లో ఎందుకు లేదన్నది మొదటిది. హనుమకొండ పట్నంలో ఉన్న నీకు వరంగల్ ఎంపీ, అదే జిల్లాలోని కమలాపూర్‌లో ఉన్న మీ మేనమామకు కరీంనగర్ ఎంపీ ఎట్లా అయ్యారన్నది రెండోది. టీఆర్ఎస్‌ను దెబ్బతీయడానికే ఆ సీటు ఎత్తేశారని మీ దగ్గర కొందరు అంటున్నారట, అది నిజమా అన్నది మూడోది. మూడోదానికి జవాబు ముందే చెబుతాను: కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మొదటి రెండూ తెలియాలి.

నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఆరేళ్లు చేశాను. అందులో ఎక్కువ కాలం ఎన్నికల సెక్షన్‌లోనే గడిచింది. 1984 డిసెంబరులో ఈ నియోజకవర్గంలోనే పోలింగ్ డ్యూటీ పడింది. 2008లో ఓటరు జాబితాలను కొత్త నియోజకవర్గాల ప్రకారం మార్చే పనిలోనూ ఉన్నాను. కాబట్టి ఈ సీటు బతికుండగా చూశాను, దాని కాగితాలు మూట కట్టడమూ చూశాను.

హన్మకొండ లోక్‌సభ స్థానం 1977 ఎన్నికలతో మొదలైంది. అంతకుముందు ఈ ప్రాంతానికి వరంగల్ పేరుతోనే ఎంపీ ఉండేవారు. 1971 జనాభా లెక్కలను బట్టి 1970లలో నియోజకవర్గాలను మళ్లీ విభజించినప్పుడు ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 41 నుంచి 42 అయ్యాయి. ఆ విభజనలో పుట్టిందే ఇది. వరంగల్ జిల్లా నుంచి కొన్ని, కరీంనగర్ జిల్లా నుంచి కొన్ని శాసనసభ నియోజకవర్గాలు కలిపి ఒక ఎంపీ స్థానం చేశారు. పేరు హన్మకొండదైనా, ఇది ఒక్క ఊరి సీటూ కాదు, ఒక్క జిల్లా సీటూ కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, చివర్లో పనికొస్తుంది.

1977 నుంచి 2004 దాకా తొమ్మిది సాధారణ ఎన్నికలు, 2008లో ఒక ఉప ఎన్నిక, మొత్తం పదిసార్లు ఇక్కడ ఎంపీ ఎన్నిక జరిగింది. గెలిచినవాళ్లు అయిదుగురే. పి.వి. రెండుసార్లు, చందుపట్ల జంగారెడ్డి ఒకసారి, కమాలుద్దీన్ అహ్మద్ మూడుసార్లు, చాడ సురేశ్ రెడ్డి రెండుసార్లు, బోయినపల్లి వినోద్ కుమార్ రెండుసార్లు. కాంగ్రెస్, బీజేపీ, తెలుగుదేశం, టీఆర్ఎస్ నాలుగింటినీ గెలిపించిన సీటు ఇది. ముప్పై రెండేళ్ల ఆయుష్షులో అన్ని జెండాలు చూసిన లోక్‌సభ స్థానాలు తెలంగాణలో ఎన్నో లేవు.

పి.వి. సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దీని చుట్టూ తప్పులు చాలా తిరుగుతున్నాయి. ఆయన 1957 నుంచి నాలుగుసార్లు మంథని ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. జై ఆంధ్ర ఉద్యమ రోజుల్లో, 1973 జనవరిలో ఆ పదవి పోయింది. ఆ తర్వాత ఆయన మొదటిసారి లోక్‌సభలో అడుగుపెట్టింది 1977లో, హన్మకొండ నుంచే. ఆ ఏడు ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది. ఇందిరా గాంధీయే రాయ్‌బరేలీలో ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 కాంగ్రెస్‌వే, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ నుంచి గెలిచారు. 1980లో పి.వి. మళ్లీ ఇక్కడి నుంచే గెలిచి విదేశాంగ మంత్రి అయ్యారు. అంటే నాలుగేళ్లకు పైగా భారతదేశపు విదేశాంగ మంత్రి మా హన్మకొండ ఎంపీ. 1984 జులైలో హోం మంత్రి అయ్యారు. ఎన్నికల్లో ఇక్కడ పోటీచేసినప్పుడు ఆయన కేంద్ర హోం మంత్రి. జంగారెడ్డి ‘ప్రధానమంత్రిని ఓడించారు’ అని రాసేవాళ్లున్నారు, అది తప్పు. పి.వి. ప్రధాని అయ్యింది 1991లో.

ఇంకో తప్పు కూడా బాగా ప్రచారంలో ఉంది, ‘హన్మకొండలో ఓడిపోయి పి.వి. పార్లమెంటుకు దూరమయ్యారు’ అని. దూరం కాలేదు. 1984లో ఆయన రెండుచోట్ల నిలబడ్డారు, ఒకటి హన్మకొండ, రెండోది మహారాష్ట్రలోని రాంటెక్. రాంటెక్‌లో గెలిచారు. 1989లోనూ అక్కడి నుంచే గెలిచారు. 1991 సాధారణ ఎన్నికల్లో పోటీ చేయలేదు. ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు. హన్మకొండకు మాత్రం ఇంక తిరిగి రాలేదు.

ఇక 1984 డిసెంబరు ఎన్నిక. ఆ ఏడాది ఏం జరిగిందో తెలియకపోతే ఆ ఫలితం అర్థం కాదు. ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ గద్దెనెక్కారు. ఆ నెలరోజుల్లో ప్రతిపక్షాలన్నీ ఆయన పక్కన నిలబడ్డాయి, బీజేపీతో సహా. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. దేశమంతా సానుభూతి గాలి వీచి రాజీవ్ గాంధీ కాంగ్రెస్‌కు 400 దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆగస్టు కోపం చల్లారలేదు. తెలుగుదేశం ఒక్కటే 30 స్థానాలు గెలిచింది, కాంగ్రెస్‌కు ఆరే మిగిలాయి. హన్మకొండలో తెలుగుదేశం తన అభ్యర్థిని పెట్టకుండా బీజేపీకి మద్దతిచ్చింది. 1967లో పరకాల నుంచి జనసంఘ్ ఎమ్మెల్యేగా, ఆ తర్వాత శాయంపేట ఎమ్మెల్యేగా పనిచేసిన జంగారెడ్డి 54 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. దేశం మొత్తం మీద ఆ ఎన్నికల్లో బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు. గుజరాత్‌లోని మెహసానా ఒకటి, మన హన్మకొండ ఒకటి. గ్వాలియర్‌లో వాజ్‌పేయి కూడా ఓడిపోయారు.

నాకు ఆ రోజు పడిన డ్యూటీ ఒక పల్లెటూరి బడిలో. వేలికి సిరా పెట్టడం నా పని. పొద్దున్నే చలిలో వచ్చిన ఒక ముసలవ్వ బ్యాలెట్ కాగితం అందుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, “సైకిల్ ఏది బిడ్డా?” అని అడిగింది. మేం నోరు విప్పకూడదు. ఏజెంట్లూ నోరు విప్పకూడదు. వెనక వరుసలో నిలబడ్డ ఆమె మనవరాలే, “ఈసారి పువ్వే సైకిల్ అవ్వా” అంది. ప్రిసైడింగ్ అధికారి ఆ పిల్లను గదమాయించారు. నాకైతే ఆ ఎన్నిక మొత్తం ఆ ఒక్క మాటలో ఉన్నట్టు అనిపిస్తుంది. బీజేపీకి ఇక్కడ జంగారెడ్డి లాంటి గట్టి మనుషులున్న మాట నిజం. ఆయన ఊరూరా తెలిసిన మనిషి. కానీ ఆ 54 వేలు సైకిల్ తొక్కి తెచ్చిన మెజారిటీ. 1989లో ఆ గాలి తగ్గగానే సీటు మళ్లీ కాంగ్రెస్‌కే పోయింది, కమాలుద్దీన్ అహ్మద్ గెలిచారు.

పి.వి.ని జనం ఎందుకు కాదన్నారు అని ఇప్పటికీ కొందరు బాధపడతారు. అన్ని భాషలు తెలిసిన పండితుణ్ని మనవాళ్లే ఓడించుకున్నారని. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆ పల్లెల్లో నేను విన్న మాట వేరు. మనిషి మంచోడే, ఢిల్లీలో పెద్దోడే, మన దగ్గరికి రాడు, అనేవాళ్లు. విదేశాంగ మంత్రికి నియోజకవర్గం తిరిగే తీరిక ఎక్కడిది? ఓటరుకు ఆ లెక్క అక్కర్లేదు. పైగా ఆ ఏడు ఓటు రామారావుకు జరిగిన అన్యాయం మీద పడింది, పి.వి. మీద కాదు. ఆయన స్థానంలో ఏ కాంగ్రెస్ నాయకుడున్నా ఫలితం అదే అయ్యేదని నా నమ్మకం.

కమాలుద్దీన్ అహ్మద్ 1989, 1991, 1996ల్లో గెలిచి, పి.వి. మంత్రివర్గంలో సహాయ మంత్రిగా కూడా పనిచేశారు. 1998, 1999ల్లో తెలుగుదేశం తరఫున చాడ సురేశ్ రెడ్డి గెలిచారు. 2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న టీఆర్ఎస్ అయిదు లోక్‌సభ స్థానాలు గెలిచింది. వాటిలో హన్మకొండ ఒకటి, వినోద్ కుమార్‌ది. ఇక్కడి నుంచి అసలు కథ మొదలవుతుంది.

నియోజకవర్గాల పునర్విభజన అనేది మనవాళ్లు అనుకున్నట్టు హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి కూర్చుని గీతలు గీసే పని కాదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో లోక్‌సభ స్థానాల సంఖ్యను రాష్ట్రాలవారీగా స్తంభింపజేశారు. తర్వాత 84వ సవరణ ఆ స్తంభనను 2026 దాటాక జరిగే మొదటి జనగణన వరకూ పొడిగించింది. 87వ సవరణ ఇంకో మాట చెప్పింది: రాష్ట్రానికి ఉన్న సంఖ్య మారదు, రాష్ట్రం లోపల సరిహద్దులను మాత్రం 2001 జనాభా లెక్కల ప్రకారం సరిచేయాలి. ఆ పని చేసింది జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడ్డ డీలిమిటేషన్ కమిషన్. ప్రతి రాష్ట్రం నుంచి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు అందులో సహ సభ్యులుగా కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు లేదు, సంతకమూ లేదు. కమిషన్ ఉత్తర్వు వచ్చాక దాన్ని కోర్టులో ప్రశ్నించే వీలూ దాదాపు ఉండదు.

ఇప్పుడు లెక్క చూడు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7 కోట్ల 62 లక్షలు. శాసనసభ స్థానాలు 294. ఒక్కో ఎమ్మెల్యే స్థానానికి సగటున 2 లక్షల 59 వేల మంది. ముందు ఈ సగటు పెట్టి జిల్లాకు ఎన్ని ఎమ్మెల్యే స్థానాలో తేలుస్తారు. వరంగల్ జిల్లా జనాభా 32 లక్షల 46 వేలు. భాగిస్తే పన్నెండున్నర, ఇచ్చింది 12. అంతకుముందు 13 ఉండేవి, అంటే ఒకటి పోయింది. కరీంనగర్‌కు 34 లక్షల 91 వేలు, 13 స్థానాలు. రంగారెడ్డికి 35 లక్షల 75 వేలు, 14 స్థానాలు. హైదరాబాద్‌కు 38 లక్షల 29 వేలు, 15 స్థానాలు. 1971 లెక్కలు పట్టుకుని ముప్పై ఏళ్లు నడిపిన ఎన్నికల పటంలో అప్పటికే పట్నం చుట్టూ పొంగిపోయిన జనానికి చోటు లేదు. ఉప్పల్, ఎల్బీ నగర్, కుత్బుల్లాపూర్ వైపు మనుషులు వచ్చి పడుతుంటే, పల్లె జిల్లాల నుంచి సీట్లు ఆ వైపు జరగక తప్పలేదు.

294ను 42తో భాగిస్తే 7. ఒక ఎంపీ స్థానం అంటే ఏడు ఎమ్మెల్యే స్థానాల కట్ట. ఎమ్మెల్యే స్థానాల పేర్లూ హద్దులూ మారగానే కట్ట ఊడిపోతుంది, మళ్లీ కట్టాలి. వరంగల్ జిల్లాలో హన్మకొండ, వరంగల్, శాయంపేట, చేర్యాల, చెన్నూరు అసెంబ్లీ స్థానాలు రద్దయి, వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, భూపాలపల్లి, పాలకుర్తి వచ్చాయి. కరీంనగర్ జిల్లాలో కమలాపూర్ అసెంబ్లీ స్థానం పోయి ఆ మండలం హుజూరాబాద్‌లో కలిసింది. ఇట్లా ఊడిన ముక్కలను మళ్లీ కట్టినప్పుడు హన్మకొండ అనే కట్ట రాలేదు.

మొత్తం రాష్ట్రంలో ఏడు లోక్‌సభ స్థానాలు పోయాయి: హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం. ఏడు వచ్చాయి: మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాద్, భువనగిరి, మహబూబాబాద్, విజయనగరం, అరకు. ఎంపీల సంఖ్య 42 అలాగే ఉంది. మల్కాజిగిరి చూస్తే ఈ మార్పు ఎందుకో తెలిసిపోతుంది. 2019 నాటికే అక్కడ 30 లక్షలు దాటిన ఓటర్లున్నారు, దేశంలోనే అతి పెద్ద నియోజకవర్గం.

మన హన్మకొండ విషయంలో రిజర్వేషన్ లెక్క కూడా కలిసింది, దీన్ని చాలామంది గమనించరు. జనాభాను బట్టి రాష్ట్రంలో ఎస్టీ లోక్‌సభ స్థానాలు రెండు నుంచి మూడు అయ్యాయి, ఎస్సీ స్థానాలు ఆరు నుంచి ఏడు. భద్రాచలం ఎస్టీ స్థానం రద్దయింది. అటు గోదావరి వైపు భద్రాచలం, పినపాక, ఇల్లెందులను, ఇటు మా జిల్లాలోని ములుగు, నర్సంపేట, మహబూబాబాద్, డోర్నకల్‌లను కలిపి మహబూబాబాద్ ఎస్టీ స్థానం చేశారు. ఈ పేరు కొత్తది కాదు, 1957, 1962 ఎన్నికల్లో కూడా మహబూబాబాద్ లోక్‌సభ స్థానం ఉండేది. నాలుగు దశాబ్దాల తర్వాత పేరు తిరిగొచ్చింది. వరంగల్ జిల్లా పన్నెండు స్థానాల్లో నాలుగు అటు పోగా, మిగిలినవాటిలో పరకాల, భూపాలపల్లి, వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, వరంగల్ పశ్చిమ, తూర్పు కలిపి వరంగల్ స్థానం అయింది. అది ఎస్సీలకు రిజర్వ్ అయింది. జనగామ భువనగిరిలోకి పోయింది. అంతే, లెక్క సరిపోయింది. హన్మకొండ, వరంగల్ పేర్లతో ఇద్దరు ఎంపీలుండే కాలం పోయి, ఒక్కరే మిగిలారు.

టీఆర్ఎస్‌ను దెబ్బతీయడానికే అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. వరంగల్ ఎస్సీ, మహబూబాబాద్ ఎస్టీ అయ్యేసరికి, ఓసీ, బీసీ నాయకులకు ఈ జిల్లాలో లోక్‌సభకు నిలబడే చోటు దాదాపు పోయింది. వినోద్ కుమార్ 2009లో కరీంనగర్‌కు వెళ్లాల్సి వచ్చింది, అక్కడ పొన్నం ప్రభాకర్ చేతిలో ఓడిపోయారు. 2014లో అక్కడే గెలిచారు. ఒక్క పార్టీ మనిషికి ఇబ్బంది అయింది కదా అని ఇది ఆ పార్టీ మీద పన్నిన పథకం అనలేం. అదే విభజనలో కాంగ్రెస్ నాయకులకు, తెలుగుదేశం నాయకులకు కూడా సొంత సీట్లు పోయాయి. తెనాలి, బొబ్బిలి వాళ్లను అడుగు, ఇదే కథ చెబుతారు.

విచిత్రం ఏమిటంటే, సీటు రద్దు ఉత్తర్వు వచ్చాక కూడా హన్మకొండలో ఇంకో ఎన్నిక జరిగింది. కొత్త నియోజకవర్గాలు 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చాయి. మార్చిలో తెలంగాణ డిమాండ్‌తో టీఆర్ఎస్ ఎంపీలు, ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. మే నెలాఖరులో ఉప ఎన్నికలు. చట్టం ప్రకారం, ఉన్న లోక్‌సభ రద్దయ్యేదాకా పాత హద్దులే చెల్లుతాయి. కాబట్టి ఉప ఎన్నిక పాత హన్మకొండలోనే. ఆ ఎండాకాలం మా ఆఫీసులో ఒకే బల్ల మీద రెండు కట్టలు ఉండేవి, ఒకవైపు ఉప ఎన్నిక కోసం పాత జాబితాలు, మరోవైపు రాబోయే ఎన్నికల కోసం కొత్త జాబితాలు. ఒకే ఊరు ఒక కట్టలో హన్మకొండ, ఇంకో కట్టలో వరంగల్. తెల్లవారితే ఏ కట్ట తీయాలో అని మేమే తడబడ్డ రోజులున్నాయి. నాలుగు లోక్‌సభ ఉప ఎన్నికల్లో టీఆర్ఎస్ రెండే గెలిచింది: కరీంనగర్‌లో కేసీఆర్, హన్మకొండలో వినోద్ కుమార్. ఆ గెలిచిన సీటు ఏడాది బతికింది. 2009 మే 18న పద్నాలుగో లోక్‌సభ రద్దవడంతో హన్మకొండ లోక్‌సభ స్థానం కూడా ముగిసింది.

ఇక మీ మేనమామ సంగతి. ఇక్కడ జిల్లా, నియోజకవర్గం రెండూ కలిపి చూడడం వల్లే గందరగోళం. నియోజకవర్గాల హద్దులు 2001 జనాభా లెక్కలప్పటి పాత జిల్లాల మీద గీసినవి. జిల్లాలు మారింది 2016లో. అప్పుడు కరీంనగర్ జిల్లా నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాలను తెచ్చి వరంగల్ అర్బన్‌లో కలిపారు. 2021లో ఆ జిల్లాకే హనుమకొండ అని పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ ఓటు మారలేదు. కమలాపూర్ హుజూరాబాద్ అసెంబ్లీలో, మిగతా రెండూ హుస్నాబాద్ అసెంబ్లీలో ఉన్నాయి. ఆ రెండు అసెంబ్లీలూ కరీంనగర్ లోక్‌సభ కిందివి. కాబట్టి కలెక్టరేట్ పని ఉంటే మీ మామ హనుమకొండకు రావాలి, ఎంపీకి అర్జీ పెట్టాలంటే కరీంనగర్ చూడాలి. ఇంకో మాట చెబితే ఆశ్చర్యపోతావు: పి.వి. పెరిగిన వంగర ఉన్నది ఆ భీమదేవరపల్లి మండలంలోనే. ఈరోజు వంగర హనుమకొండ జిల్లాలోని ఊరు, ఓటు మాత్రం కరీంనగర్ ఎంపీకి. శాయంపేట మండలమూ అంతే, జిల్లా హనుమకొండ, అసెంబ్లీ భూపాలపల్లి.

హన్మకొండ సీటు మళ్లీ వస్తుందా అని చివర్లో అడిగావు. ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, హద్దులు మారడం మాత్రం ఖాయం. స్తంభన 2026 తర్వాతి మొదటి జనగణనతో ముగుస్తుంది. రాష్ట్ర విభజన చట్టంలో తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153 చేయాలని ఉంది. లోక్‌సభ స్థానాలు 17గానే ఉంటే, 153ను 17తో భాగిస్తే 9. అంటే ఏడు కట్టే చోట తొమ్మిది కట్టాలి. లోక్‌సభ స్థానాలే పెరిగితే ఆ లెక్క వేరు. ఏదైనా ఈ కట్టలన్నీ మళ్లీ ఊడతాయి. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసి ఇంత పెద్ద నగరం అయ్యాక ఇక్కడ రెండో ఎంపీ స్థానం రావాలని నాకూ ఉంది. కమిషన్ ప్రతిపాదనల ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడిగే గడువు ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, తుది ఉత్తర్వు వచ్చాక బాధపడతారు. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు మీ మండలం పేరు ఏ కట్టలో ఉందో చూసి, మార్పు కావాలంటే కారణాలతో, జనాభా అంకెలతో రాతపూర్వకంగా పంపండి. ఊరంతా సంతకాలు పెట్టిన కాగితం కంటే, ‘ఈ మండలం ఇటు కలిస్తే ఇంత జనాభా, రోడ్డు దూరం ఇంత’ అని రాసిన ఒక్క పేజీని అధికారులు ఎక్కువసేపు చదువుతారు. ఆ బల్లకు ఇటువైపు కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

పాత ఫలితాలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 1977 నుంచి 2008 దాకా ‘హన్మకొండ’ అని వెతుకు. 2009 నుంచి అదే ఊళ్ల ఓట్లు వరంగల్, కరీంనగర్ పేర్ల కింద చీలి ఉంటాయి. కాబట్టి 2004 హన్మకొండ ఓట్లను 2009 వరంగల్ ఓట్లతో పోల్చి ఏ పార్టీ పెరిగింది, ఏది తగ్గింది అని లెక్కలు కట్టకు. కొన్ని ఊళ్లు రెండింట్లోనూ ఉన్నా, ఆ రెండూ ఒకే ఊళ్ల కట్టలు కావు, ఒకే ఓటర్లూ కారు.